అరచేతిలో పట్టే చెరువులు: ఆరంగుళాల మిక్స్‌డ్ మీడియా సిరీస్, సలహాలు చెప్పండి

మత్తడి (హనుమకొండ)
అందరికీ నమస్తే. మన వైపు చెరువుల మీద ఒక సిరీస్ వేస్తున్నాను. అన్నీ ఆరంగుళాల చదరాలు, ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే) పలకల మీద. పాకాల, రామప్ప, లక్నవరం, వడ్డేపల్లి, భద్రకాళి వేశాక ఇప్పుడు ఊళ్లలో ఉండే చిన్న కుంటల మీద పడ్డాను. అక్రిలిక్, ఇంకు, బొగ్గు, అతికించిన కాగితాలు, అక్కడక్కడ ఆ చెరువు మట్టి కూడా.

రెండు తంటాలున్నాయి. 2024 చివర్లో భద్రకాళి చెరువు ఖాళీ చేసి పూడిక తీయించినప్పుడు ఒక డబ్బా నిండా మట్టి తెచ్చి పెట్టుకున్నాను. దాన్ని జిగురులో కలిపి పూస్తుంటే ఆరేసరికి నెర్రెలిచ్చి పెచ్చులుగా లేస్తోంది. రెండో తంటా అంతకన్నా పెద్దది. అన్నీ వరుసగా గోడకు ఆనించి చూస్తే ఏది ఏ చెరువో గుర్తుపట్టలేని పరిస్థితి. కింద కట్ట, తర్వాత నీళ్లు, ఆపైన గుట్ట, ఆకాశం. అంతే. ఫొటోలు పెట్టాను. మొహమాటం లేకుండా చెప్పండి.

నీటిరంగు
అక్కా, మస్తున్నాయి. మూడో ఫొటోలో ఆ తాటిచెట్లు దేనితో వేశారు? బ్రష్షు గీతలా లేదు.

మత్తడి
థాంక్స్ తమ్మీ. అవి కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో మిగిలిన నూలు పోగులు. ఇంకులో ముంచి పలక మీద ఆనించి లాగేస్తే ఆ గీత పడుతుంది. రెండు చోట్ల పోగును తీయకుండా అలాగే వదిలేశాను.

ల్యాబ్‌కోటు
మత్తడి గారూ, మీ జిగురులో లోపమేమీ లేదు. పూడికలో బంకమన్ను పాలు చాలా ఎక్కువ. మన రేగడి నేలల్లో ఉండే బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఎండాకాలం పత్తి చేనులో కాలు దిగబడేంత నెర్రెలు అందుకే పడతాయి. మీ పలక ముడుచుకోదు, దాని మీది మట్టి ముడుచుకుంటుంది. రెండింటి మధ్య పట్టు తెగిపోతుంది.

మట్టిని బకెట్ నీళ్లలో బాగా కలిపి కాసేపు ఆగండి. ఇసుక అడుగుకు దిగుతుంది. పైనున్న బురదనీళ్లు ఇంకో గిన్నెలోకి వంచుకుని, అది పేరుకున్నాక ఎండబెట్టి నూరితే సన్నపొడి వస్తుంది. అడుగున మిగిలిన ఇసుకను పారబోయకండి. సన్నపొడి ఒక వంతుకు ఆ ఇసుకో, చలువరాతి పొడో రెండు వంతులు కలిపి అక్రిలిక్ మ్యాట్ మీడియంతో (మెరుపు లేని అక్రిలిక్ జిగురు) ముద్ద చేస్తే ముడుచుకోవడం బాగా తగ్గుతుంది. ఒకేసారి మందంగా పెట్టకుండా పూత మీద పూత వేయండి.

ఇంకో సంగతి. పూడికలో కుళ్లిన ఆకులు, నాచు ఉంటాయి. తడిమట్టిని డబ్బాలో మూత పెట్టి ఉంచితే కంపు కొడుతుంది, బూజు పడుతుంది. ముందు బాగా ఎండబెట్టి, పాత పెనం మీద వేడి చేసి వాడుకోండి. వంటకు వాడే పెనం వద్దు.

సుద్దమట్టి
చేర్యాలలో నకాషీ పని, అంటే కథలు చెప్పే బట్ట పటాలు వేసే పని, కొన్నాళ్లు కూర్చుని నేర్చుకున్నవాణ్ని కాబట్టి అటువైపు నుంచి ఒక మాట. అక్కడ ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, తుమ్మజిగురు కలిపి పూస్తారు. ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి. ఆ పటాన్ని చుట్టచుట్టి, విప్పుకుంటూ ఊరూరా కథ చెప్పాలి. మందంగా పూస్తే మొదటి ఊళ్లోనే రాలిపోతుంది. అందుకే పూత పలుచగా ఉన్నా బట్ట నేతలోకి దిగేలా రుద్దుతారు.

అక్కా, మీరు నున్నటి ఎండీఎఫ్ మీద నేరుగా మట్టి పెడుతున్నారు. దానికి పట్టుకోవడానికేం దొరుకుతుంది? పలక మీద పాత నూలు చీర ముక్క అతికించి, దాని మీద రంగు పట్టుకునేందుకు ముందుగా వేసే తెల్లటి జెస్సో ఒక పూత, ఆ తర్వాత మట్టి. తేడా మీకే తెలుస్తుంది. చింతగింజల జిగురు వాడాలనిపిస్తే ఒకటి గుర్తుంచుకోండి, పురుగులకు అది మంచి తిండి. పాతకాలం బైండింగ్ వాళ్లు అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవాళ్లు. అది విషం, ఇంట్లో పిల్లలుంటే ఆ జోలికి పోవద్దు.

నాలుగంచులు
ఫ్రేములు కట్టేవాణ్ని, నా గోల నాది. ఎండీఎఫ్‌కు ముందువైపు మాత్రమే పూతలు వేస్తున్నారా? వెనక కూడా ఒక పూత వేయండి, అంచులకు రెండు వేయండి. లేకపోతే వానాకాలం వచ్చేసరికి వంగుతుంది, అంచులు ఉబ్బుతాయి. అవి వంగాక నా దగ్గరికి తెచ్చి సరిచేయమంటే నేనేం చేయలేను.

ఐదో ఫొటోలో బస్సు టిక్కెట్లు అతికించారు. చూడముచ్చటగా ఉంది కానీ మిషన్‌లోంచి వచ్చే టిక్కెట్టు థర్మల్ పేపరు. అందులో ఇంకు ఉండదు, వేడికి కాగితం పూతే నల్లబడి అక్షరాలవుతుంది. వెలుతురులో ఉంచితే ములుగు అన్న పేరు మాయమై తెల్లకాగితం మిగులుతుంది. ఇస్త్రీపెట్టె తగిలితే టిక్కెట్టు మొత్తం నలుపే. జిరాక్స్ తీయించి ఆ కాపీ అతికించండి. జిరాక్స్ పొడిలో ఉండేది కార్బన్ నలుపు, అది వెలవదు.

డ్రాయింగ్ సార్
అమ్మా, బొమ్మలు పెద్దవి చేసుకుని చూశాను. మట్టి సంగతి తెలిసినవాళ్లు చెప్పారు. నేను రెండో తంటా గురించి మాట్లాడతా.

నువ్వు ప్రతి చెరువుకూ కట్ట ఎక్కి, నీళ్లవైపు తిరిగి, నిలబడ్డ ఎత్తులోంచే చూస్తున్నావు. నీళ్లూ గుట్టా కలిసే గీత ప్రతిసారీ పలక నడుమ పడుతోంది. ఇక రంగులెన్ని మార్చినా బొమ్మ ఒకటే. చెరువుకు కట్ట ఒక్కటే ఉంటుందా? నీళ్లు వదిలే తూము ఉంటుంది, నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి ఉంటుంది, నీళ్లు పరుచుకునే శిఖం భూమి ఉంటుంది, కట్ట దిగువన ఆయకట్టు ఉంటుంది. కట్ట మీద మైసమ్మ గుడి ఉంటుంది, ఒక మూల చాకిరేవు బండలుంటాయి. వీటిలో ఒక్కటి కూడా నీ పలకల్లోకి రాలేదు.

పాకాలకు వెళ్తే కంటికి ముందు ఆనేది అడవి. నీళ్ల అవతలి ఒడ్డు దాకా చెట్లే, ఊరు కనపడదు. అక్కడ ఆకాశానికి వేలెడంత జాగా చాలు. లక్నవరంలో నీళ్లు ఎక్కడా ఒక్క పలకగా కనపడవు, దీవులు అడ్డొచ్చి ముక్కలు ముక్కలుగా కనిపిస్తాయి. అంటే అక్కడ నీటి ఆకారాలను కత్తిరించి అతికించడమే సరైన పద్ధతి. రామప్పలో గుట్టల మధ్య సందును మూసిన కట్ట అది. దాన్ని పక్కనుంచి, గుట్ట వాలు మీంచి చూడు. భద్రకాళి నగరం మధ్యలో ఉంది, అక్కడ రాత్రి వెయ్యి. దీపాల వెలుగు నీళ్లలో పొడుగ్గా సాగుతుంది. వడ్డేపల్లికి పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లు లేకుండా బొమ్మే లేదు.

ఇంకొకటి. ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ అనే చిత్రకారుడు 1821, 1822లలో కాగితం మీద చిన్న చిన్న ఆయిల్ స్టడీలు వేశాడు, ఎక్కువగా మబ్బులే. వాటి వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందో రాసిపెట్టేవాడు. నువ్వూ పలక వెనక రాసుకో. ఎక్కడ నిలబడ్డావు, ఏ పొద్దు, నీళ్లు ఎంత మట్టంలో ఉన్నాయి. అది రాయలేకపోయావంటే ఆ బొమ్మ ఫొటో చూసి వేసిందని అర్థం.

మత్తడి
సార్, చివరి వాక్యం సూటిగా తగిలింది. లక్నవరం నిజంగానే ఫోన్లో ఫొటో చూసి వేసింది. అదొక్కటీ పక్కన పెట్టేస్తాను. తూము దగ్గర నుంచి చూడాలన్న ఆలోచన నచ్చింది.

గ్రానైట్‌గుట్ట (కరీంనగర్)
అందరూ చెరువులే వేస్తారు. సాయంత్రం, తాటిచెట్టు, నీళ్లలో నీడ. క్యాలెండర్లకు పనికొస్తాయి. మా వైపు రండి, బొమ్మలో వెనకాల పెట్టుకునే ఆ గుట్టలు ఏమవుతున్నాయో చూపిస్తాను. మనమంతా మురిసిపోయే టాన్ బ్రౌన్ గ్రానైట్ ఇక్కడిదే. గుట్టను దిమ్మెలుగా కోసి రైలెక్కించి కాకినాడ పోర్టుకు, అక్కడి నుంచి చైనాకు. సగం కోసి వదిలేసిన గుట్ట ముఖం ఎప్పుడైనా దగ్గరగా చూశారా? పాత పైతోలు నల్లగా, బూడిదరంగులో ఉంటుంది. కోసిన చోట లోపలి గోధుమరంగు తళుక్కుమంటుంది. డ్రిల్లు వేసిన సగం సగం గొట్టాలు పైనుంచి కిందికి వరుసగా, జానెడు కన్నా తక్కువ ఎడంలో. కింద గుంతలో వాననీళ్లు, ఆకుపచ్చగా, కదలకుండా. అదీ నీళ్లే, దానికి కట్ట లేదు, మైసమ్మ లేదు. మీ సిరీస్‌లో దానికి చోటుందా?

దూరపుచుట్టం (నర్సంపేట, ప్రస్తుతం డాలస్)
నేను బొమ్మలు వేసేదాన్ని కాదు, కొనేదాన్ని. పాకాల దగ్గర్లో పుట్టి పెరిగిన నాకు ఆ మొదటి పలక చూడగానే గుండె ఆగింది. ఫిబ్రవరి, మార్చిలో ఆకులన్నీ రాలి మోదుగలు ఒక్కటే ఎర్రగా వెలుగుతుంటాయే, అలా ఒకటి వేస్తారా అక్కా? హాల్లో పెట్టుకుంటాను. గ్రానైట్‌గుట్ట గారూ, మీ బాధ అర్థమవుతుంది కానీ కోసేసిన గుట్టను ఇంట్లో ఎవరు తగిలించుకుంటారు చెప్పండి?

గ్రానైట్‌గుట్ట
మీ వంటింటి గట్టు దేంతో వేయించారు మేడం? దాన్ని రోజూ తుడుచుకుంటున్నారు కదా, ఆ గుట్టే అది.

దూరపుచుట్టం
మాది క్వార్ట్జ్ అండీ :) కానీ పాయింటు తగిలింది.

నీటిరంగు
ఒక డౌటు. నిజంగా ఆ చెరువు మట్టే వాడితేనే ఆ చెరువు బొమ్మ అవుతుందా? షాపులో దొరికే బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్ కలిపినా అదే రంగు వస్తుందిగా. చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

డ్రాయింగ్ సార్
తెలియదు. కింద చీటీ చదివితేనే తెలిసే విషయం బొమ్మలో లేనట్టే. ఈ మధ్య ఎగ్జిబిషన్లలో ఇదొక మోజు అయిపోయింది. ఎక్కడెక్కడి మట్టో తెచ్చి పూసి, చీటీలో పెద్ద వ్యాసం రాస్తారు. 1912లో పికాసో కాన్వాసు మీద ఆయిల్‌క్లాత్ ముక్క అతికించి మిక్స్‌డ్ మీడియాకు దారి తీశాడు. ఆ గుడ్డ మీద ఉన్నది కుర్చీ అల్లిక బొమ్మ, అచ్చు వేసింది. నిజం అల్లిక తెచ్చి అతికించలేదు. అచ్చు అల్లిక చాలనుకున్నాడు, అదే అందులో తమాషా.

సుద్దమట్టి
సార్, మీతో సగమే ఒప్పుకుంటాను. చూసేవాళ్లకు తెలియకపోవచ్చు, వేసే చేతికి తెలుస్తుంది. ట్యూబులోంచి వచ్చే రంగు మనం చెప్పినట్టు వింటుంది. మట్టి వినదు. రేణువు అడ్డం పడుతుంది, ఒకచోట నీళ్లు పీల్చేస్తుంది, ఇంకోచోట జారుతుంది. దాంతో తగువు పడుతూ వేసిన గీత వేరే ఉంటుంది. సిద్దిపేట కాపు రాజయ్య గారు నకాషీ దారిని తన బొమ్మల్లోకి తెచ్చుకున్నారు. కథను తెచ్చుకున్నట్టే పనిముట్టు స్వభావాన్నీ తెచ్చుకోవచ్చు.

ల్యాబ్‌కోటు
రసాయనం చెప్తాను, తీర్పు మీరు చెప్పుకోండి. సియెన్నా, అంబర్, మన జాజు, ఇవన్నీ ఇనుప ఆక్సైడు మట్టి రంగులే. అంబర్‌లో మాంగనీసు కూడా ఉంటుంది. రంగు వరకు తేడా పెద్దగా ఉండదు. తేడా రేణువులో ఉంటుంది. ట్యూబు రంగును మిల్లులో అతి సన్నగా నూరుతారు. మీరు ఇంట్లో నూరినది ముతకగా, రకరకాల సైజుల్లో ఉంటుంది, వెలుతురును చెదరగొడుతుంది. ఆ ముతక మెరుపు ట్యూబులో దొరకదు.

సరదాగా ఒకటి చేసి చూడండి. పసుపుపచ్చ మట్టి దొరికితే సన్నపొడి చేసి ఇనుప పెనం మీద పెద్దమంటలో వేయించండి. అందులోని ఇనుప ఖనిజంలోంచి నీరు పోయి 300 డిగ్రీల చుట్టుపక్కల ఎర్రబడడం మొదలవుతుంది. మధ్యమధ్యలో చెంచాడు తీసి పక్కన పెట్టుకుంటూ పోతే ఒకే మట్టిలోంచి పసుపు నుంచి ఇటుకరంగు దాకా మెట్లుమెట్లుగా రంగులొస్తాయి. బయట చేయండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

నీటిరంగు
సూపర్ సార్. మరి చపాట మిర్చి పొడి, పసుపు కూడా వాడొచ్చా? కల్లంలో ఆరబోసిన మిర్చి వేద్దామనుకుంటున్నా, ఆ ఎరుపు దేంతోనూ రావట్లేదు.

ల్యాబ్‌కోటు
వద్దు తమ్మీ. రెండూ వెలుతురుకు ఆగవు. పసుపు మరీ తొందరగా పోతుంది. నమ్మకం లేకపోతే ఒక కాగితం మీద రెండూ పూసి, సగం మీద అల్యూమినియం రేకు కప్పి మే నెలలో డాబా మీద పెట్టు. మన వరంగల్ ఎండకు వేరే ల్యాబ్ అక్కర్లేదు. మిర్చికి క్వినాక్రిడోన్ ఎరుపు కొనుక్కో, కాస్త ఖరీదైనా నిలబడుతుంది.

మత్తడి
కొత్తవి కొన్ని అయ్యాయి. ఫొటోలు పెడుతున్నా.

భద్రకాళి మళ్లీ వేశాను. సార్ రాత్రి వేయమన్నారు కానీ నాకు ఆ ఖాళీ అయిన చెరువే కళ్లలో ఉంది. నీళ్లు తీసేశాక అడుగు కనపడింది కదా, మన ఊళ్లో ఉంటూ దాని అడుగు ఎన్నడూ చూడలేదు. అందుకని నెర్రెలను ఆపే ప్రయత్నం మానేశాను. చీర ముక్క అతికించి, పైన కడిగిన సన్నపొడిని ఇసుక కలపకుండా పూశాను. తమాషా ఏంటంటే మందంగా పూసిన చోట పెద్ద పెద్ద బిళ్లలుగా చీలింది, పలుచగా పూసిన చోట చిన్న చిన్నవి. కాబట్టి కింద, మనకు దగ్గరగా ఉండే వైపు మందంగా, పైకి పోయేకొద్దీ పలుచగా లాగాను. ఆరాక దూరం దానంతటదే వచ్చింది. పర్‌స్పెక్టివ్ కోసం ఒక్క గీత గీయలేదు. ఆ తర్వాత నీళ్లు కొద్దిగా చిలకరించి, పలుచన చేసిన మీడియాన్ని డ్రాపర్‌తో నెర్రెల్లోకి దింపాను. ఇప్పుడు వేలితో గీకినా రాలడం లేదు. నెర్రెల మధ్యలో ఒక్కచోట నీలం ఇంకు, చివరగా మిగిలిన మడుగు.

రామప్పకు మాత్రం మట్టి తీసేశాను. అక్కడ అది చేసే పనేమీ కనపడలేదు. గుడిలోని ఎర్ర ఇసుకరాయి రంగును ట్యూబుతోనే కలిపి గుట్ట వాలుకు వాడాను. సార్‌కూ సుద్దమట్టి అన్నకూ ఒకే జవాబు చెప్తున్నాననుకోండి. మట్టి ఏదైనా పని చేస్తేనే పలక మీద ఉంటుంది, ఫలానా చోటు నుంచి వచ్చానన్న గొప్పతో ఉండదు.

డ్రాయింగ్ సార్
భద్రకాళి చూశాను. చీటీ చదవలేదు, చదవాల్సిన పని పడలేదు. కుడివైపు పైమూలలో పెట్టిన ఆ తెల్లటి గుడి గోపురం తీసేయి. అది లేకపోయినా భద్రకాళే.

దూరపుచుట్టం
సార్, గోపురం ఉంచితే మాలాంటివాళ్లు కొంటారు :)

డ్రాయింగ్ సార్
అందుకే తీసేయమంటున్నా తల్లీ.

సుద్దమట్టి
అక్కా, చిన్న కుంటల సంగతి ఒకటి అడగాలి. అవన్నీ ఒకే వాగు మీద ఉన్నవేనా? మన ఊళ్లల్లో గొలుసుకట్టు చెరువులు కదా. పైచెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి, అది నిండితే దాని కిందిదానిలోకి. కాకతీయుల కాలం నుంచి అదే లెక్క. చేర్యాల పటం నిలువుగా ఉంటుంది, అడ్డం గడులు ఒకదాని కింద ఒకటి, కథ పైనుంచి కిందికి దిగుతుంది. మీ పలకలను కూడా గోడ మీద అలా నిలువుగా వేలాడదీస్తే? పై పలకలో మత్తడి ఎక్కడ తెగుతుందో సరిగ్గా ఆ చోటే కింది పలకలోకి కాలువ దిగాలి.

మత్తడి
అన్నా! ఒకే వాగు మీదివే, వర్ధన్నపేట వైపు. ఇది నాకెందుకు తట్టలేదో. ఏది ఏ చెరువో తెలియట్లేదన్న గోలే పోతుంది, పైది ఏదో కిందిది ఏదో తెలిస్తే చాలు.

ల్యాబ్‌కోటు
పాకాల, రామప్ప, లక్నవరాలను మాత్రం ఈ గొలుసులో కలపకండి, ఎవరో ఒకరు పట్టుకుంటారు. వాటి దారులు వేరు.

మత్తడి
అవి విడిగానే ఉంటాయి సార్. నిలువు వరుస కుంటలకే. పైన గుట్ట కింది చిన్న కుంట, చివరన వరి మడి. మడిలో నారు వరుసలకు మళ్లీ ఆ జంపఖానా పోగులే, ఆకుపచ్చ రంగులో ముంచి, ఈసారి తీయకుండా.

గ్రానైట్‌గుట్ట
మరి క్వారీ గుంత?

మత్తడి
మీ మాట మరిచిపోలేదన్నా. మొదట వద్దనుకున్నాను, సిరీస్ మూడ్ చెడుతుందని. గొలుసు ఆలోచన వచ్చాక మళ్లీ చూస్తే దాని చోటు కనపడింది. వరుస పక్కన, దేనికీ కలవకుండా, ఒక్కటే పలక. దానికి పైనుంచి నీళ్లు రావు, కిందికి పోవు. డ్రిల్లు గొట్టాల కోసం ఎండీఎఫ్‌నే గుండ్రటి ఆకురాయితో నిలువు గాడులుగా అరగదీస్తున్నాను. రాతిపొడి దొరికితే కొద్దిగా పంపుతారా? టాన్ బ్రౌన్‌దే కావాలి, కోసినప్పుడు వచ్చే సన్నపొడి.

గ్రానైట్‌గుట్ట
పాలిషింగ్ యూనిట్ల బయట కుప్పలుగా పోస్తారు, బస్తా పంపమన్నా పంపుతా. మాస్కు లేకుండా ముట్టుకోకండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిపి వాడండి.

దూరపుచుట్టం
క్వారీ పలక అమ్మకానికి పెడితే ముందు నాకు చెప్పండి. వంటింట్లో పెట్టుకుంటా. నిజంగానే.

నీటిరంగు
అక్కా, ధర ఎలా పెడతారు? మా కాలేజీలో చిన్న బొమ్మంటే చిన్న రేటు అంటారు. చదరపు అంగుళానికి ఇంత అని లెక్కగట్టమంటారు.

నాలుగంచులు
తమ్మీ, అంగుళాల లెక్క చిన్న బొమ్మలకు పనికిరాదు. పెద్ద బొమ్మకైనా చిన్న బొమ్మకైనా ఊరికి పోయే బస్సు ఛార్జీ ఒకటే, మట్టి కడిగే టైమూ ఒకటే. మెటీరియల్, ఫ్రేము విడిగా లెక్క రాసుకుని, పని ధర మీద ఒక అంకె అనుకో. దాని కన్నా కిందికి దిగకు. ఒక సిరీస్‌లో సైజు ఒకటే అయితే ధరా ఒకటే ఉండాలి, పాకాల ఎక్కువ, కుంట తక్కువ అని పెడితే కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్నే దానిమీద.

మత్తడి గారూ, నిలువు వరుసంటున్నారు కాబట్టి ముందే చెప్తున్నా. ఒక్కో పలకకు విడిగా పట్టీ కడితే రెండు పట్టీల మందం, మధ్యలో ఖాళీ కలిపి నీళ్ల దారి రెండంగుళాల దాకా తెగుతుంది. పై పలకలో మత్తడి, కింది పలకలో కాలువ కలిసినట్టే ఉండదు. అందుకని అన్నింటికీ కలిపి ఒకే పొడుగాటి పెట్టె ఫ్రేము కడదాం. లోపల పలకలు వేలి మందం సందుతో తేలినట్టుంటాయి. మట్టికి అద్దం ఆనకూడదు కాబట్టి అరంగుళం ఎడం ఇస్తా. వెనక గాలి ఆడేలా చిన్న రంధ్రాలు పెడతా, లేకపోతే వానాకాలం అద్దం లోపల చెమ్మ పడుతుంది.

మత్తడి
ఒకే పెట్టె అయితే విడివిడిగా అమ్మడం కుదరదు కదా?

నాలుగంచులు
కుదరదు. అది మీరు తేల్చుకోవాలి.

డ్రాయింగ్ సార్
గొలుసును తెంపి అమ్మకమ్మా. మొత్తంగా ఎవరైనా తీసుకుంటే ఇవ్వు, లేకపోతే నీ దగ్గరే ఉంచుకో. విడి పలకలు అమ్ముకోవడానికి పాకాల, రామప్ప, వడ్డేపల్లి ఉన్నాయి. లక్నవరానికి మళ్లీ వెళ్లినప్పుడు చెప్పు, స్కెచ్‌బుక్కు పట్టుకుని నేనూ వస్తా. ఫోన్లు ఇంట్లో పెట్టి పోదాం.

మత్తడి
తప్పకుండా సార్. వానలు పడి నీళ్లొచ్చాక వెళ్దాం.

నాలుగంచులు
వానలకు ముందే పెట్టె కొలతలు పంపండి. టేకు పట్టీ ఆరాలంటే నాకు ఎండలు కావాలి.